ఒకటి తక్కువ

వవావు దీవి ఆచారం ప్రకారం అక్క కూర్చున్న గదిలోకి తమ్ముడు రాకూడదు. అందుకే అక్క కలొలైనే, తమ్ముడు ఫెహొకో చిన్నప్పటి నుంచీ గోడకు చెరోవైపు పెరిగారు. ఆమె లోపల, వాడు వాకిట్లో చాప మీద. మధ్యనున్న చెక్కగోడ గుండా లెక్కలు నడిచేవి. ఒక సంఖ్యను తీసుకోవాలి. దాన్ని శేషం లేకుండా భాగించే, దానికంటే చిన్న సంఖ్యలన్నీ కూడాలి. వచ్చినదానికి మళ్లీ అదే పని. చాలావరకు జారిజారి చివరికి ఒకటి దగ్గర చచ్చిపోయేవి.

"నీది పోయిందక్కా!" అని వాడు గోడ మీద కొట్టేవాడు.

"సంబరం చాల్లే. ఇంకోటి చెప్పు."

నాన్న పోయినప్పుడు వాడు చేపల పడవ మీద ఉన్నాడు. పూడ్చిన తర్వాత వచ్చాడు. "ఇంక ఈ వాకిట్లో అడుగు పెట్టకు" అంది ఆమె, అందరి ముందూ. అక్క మాటకు తమ్ముడు ఎదురు చెప్పడు. ఆక్లండ్ వెళ్లిపోతూ రోడ్డు మీద నుంచే కేకేశాడు.

"అక్కా! పన్నెండు వేల నాలుగు వందల తొంభై ఆరు. ఇది తిరిగి తిరిగి ఇంటికే వస్తుంది. వచ్చాక చెప్పు."

ఏడుస్తూనే చేసింది. 14,288. 15,472. 14,536. 14,264. ఆ తర్వాత 12,495. ఒకటి తక్కువ. గడప దాకా వచ్చి, ఇల్లు గుర్తుపట్టనట్టు పక్కకు వెళ్లిపోయింది.

ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేసేవాడు.

"వచ్చిందా అక్కా?"

"రాలేదు."

"సరే అక్కా."

ఆ 'సరే'లో ఏముందో వినపడకముందే ఆమె ఫోన్ పెట్టేసేది. బళ్లో లెక్కలు చెప్పే మనిషి, ఆ ఒక్క లెక్క మళ్లీ చేసి చూడలేదు. చూడకపోవడంలో ఏదో సుఖం ఉంది. తిరిగిరాని సంఖ్యను చేతిలో పెట్టి పోయింది వాడే కదా, తప్పు వాడిదే. అయినా చెవి మాత్రం ఎప్పుడూ వాకిలివైపే ఉండేది.

ఇవాళ క్లాసులో అదే లెక్కకు ఇరవై ఎనిమిది ఇచ్చింది. టెమలేటి అనే పిల్ల బోర్డు మీద ఇరవై ఏడు తేల్చింది.

"ఒకటిని ఎక్కడ పారేశావే?"

"అది ప్రతిదానికీ ఉండేదే కదా టీచర్! వేరే చెప్పాలా?"

పిల్లలు గొల్లుమన్నారు. కలొలైనే నవ్వలేదు. బోర్డు మూల 14,264 వేసి, భాగించేవన్నీ ఒక్కొక్కటే రాసింది. 7,132. 3,566. 1,783. ఎనిమిది. నాలుగు. రెండు. ఆనాడు ఇక్కడే ఆగింది. సుద్దముక్క కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత ఒకటి వేసింది.

పన్నెండు వేల నాలుగు వందల తొంభై ఆరు.

బడి వరండాలోంచే ఫోన్ చేసింది.

"అక్కా? ఇప్పుడు చేశావేంటి? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. వచ్చింది."

"పన్నెండు వేల నాలుగు వందల తొంభై ఆరేనా అక్కా?"

"ఆఖర్న ఒకటి కలపడం మర్చిపోయాన్రా."

"ఇన్నేళ్లా? పైగా లెక్కల టీచరువి!" నవ్వబోయాడు. "నువ్వే రావద్దంటున్నావనుకున్నానక్కా. ప్రతి ఏడూ."

"ఎక్కువ మాట్లాడకు. టికెట్ తీసుకో."

ఎంత తొందరపడినా వాడు రావడానికి వారం పడుతుంది. ఇంటికెళ్లి ఆమె వాకిట్లో చాప పరిచింది. లోపలికొచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి, చెక్క మీద మెల్లగా తట్టింది.