మనసులో కలుపుకునే ముప్పై

కొలిమిలో పెట్టిన థర్మామీటరు కొన్ని వారాలకే అబద్ధాలు మొదలుపెట్టేది. వేడికి లోపలి ప్లాటినం తీగ పాడై, ఉన్నదానికంటే తక్కువ చూపించేది. ఉక్కు కరిగించే మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. మీటరులో అంకె చూసి మనసులో ముప్పై డిగ్రీలు కలుపుకునేవాడు. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పాడు.

ఈ ముప్పై సంగతి ఆ థర్మామీటర్లు చేసే ప్రయోగశాలలో ఉన్న అక్కకు తమ్ముడు చెప్పాడు. అతనిది కొలిమిలోని ఉక్కును పట్టే పెద్ద బాల్చీ, లాడిల్ దగ్గర పని. కరిగిన ఉక్కు లాడిల్ అడుగున ఉన్న రంధ్రంలోంచి అచ్చుల్లోకి దిగుతుంది. వేడి చాలకపోతే అక్కడే గడ్డకడుతుంది. అప్పుడు ఆక్సిజన్ గొట్టంతో దాన్ని కాల్చి తెరవాల్సింది తమ్ముడే.

"మీ మీటరు మా మేస్త్రీ వయసులాంటిదే అక్కా," అన్నాడు అన్నం తింటూ. "ఎంత చెప్పినా పైన కొంత కలుపుకోవాలి."

అక్క నవ్వలేదు. మేస్త్రీ అంచనా ఏదో ఒకరోజు తప్పుతుందని, తప్పితే మంట ముందు నిలబడేది తమ్ముడేనని ఆమె భయం. రెండేళ్లు కూర్చుని కొత్త థర్మామీటరు చేసింది. దాని కొసన చిన్న గ్రాఫైట్ గిన్నె, అందులో లోహం. ఆ లోహం ఎప్పుడూ ఒకే వేడి దగ్గర కరుగుతుంది. కరిగినప్పుడల్లా మీటరు తన తప్పు తానే దిద్దుకుంటుంది.

దాన్ని బిగించిన రోజు, మీటరు మారిందని మేస్త్రీకి చెప్పారు. ఆయన తల ఊపాడు. అంకె చూశాడు. అలవాటు కొద్దీ ముప్పై కలుపుకున్నాడు. వేడి సరిపోయిందనుకుని ఉక్కును లాడిల్‌లోకి వదిలాడు.

రంధ్రం దగ్గర ఉక్కు గడ్డకట్టింది. తమ్ముడు గొట్టం పట్టుకుని వెళ్లాడు. గడ్డ విడిపోగానే ఉక్కు ఎగజిమ్మి, ముఖానికున్న తొడుగు కిందినుంచి లోపలికి పోయింది.

అక్క ముందు మీటరు పరీక్షించింది. తేడా లేదు. అప్పుడు మేస్త్రీని అడిగింది. ఆయన చేతి తొడుగులు ఇంకా తీయలేదు.

"మీటరు మార్చామన్నారమ్మా. నిజం చెబుతుందని ఎవరూ అనలేదు."

ఆసుపత్రిలో తమ్ముడి రెండు కళ్లకూ కట్టు ఉంది. ఒక్కటీ దక్కదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. అడుగుల చప్పుడుకు అతను తల తిప్పాడు.

"కొత్తది సరిగ్గానే చూపించిందా అక్కా?"

"చూపించింది."

"అయితే నీ కష్టం ఊరికే పోలేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. లేదు.

మర్నాడు పని మొదలయ్యేలోపు కొలిమి దగ్గరికి వెళ్లి, మీటరు కింద గోడమీద సుద్దముక్కతో 'ఏమీ కలపొద్దు' అని రాసింది. మేస్త్రీ వెనక నిలబడి చదివాడు. సుద్ద చెరిగిపోతుందన్నాడు. వెళ్లి పెయింటు డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చాడు.