ఇంకుడు గుంత మీద ముగ్గు

కంకిపాడులో కాలవకి కూతవేటు దూరంలో ఉన్నాం కాబట్టి మాకు నీళ్ళ బాధ రాదని మా అత్తగారు బుల్లెమ్మ గారి నమ్మకం. ఆ ధీమాతోనే రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని వాకిలి, దాని ముందున్న సిమెంటు రోడ్డు, ఎదురింటి వాళ్ళ గేటు దాకా కడుగుతారు. తడి నేల మీదే ముగ్గు నిలుస్తుందట. ఈ వేసవిలో మా బోరు నీళ్ళతో పాటు గాలి కక్కడం మొదలుపెట్టినా ఆ పైపు ఆగలేదు. వీధి చివరి వాళ్ళ బోరు ఎండిపోయింది, మనదీ పోతుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

చివరికి నేనే మనుషుల్ని పెట్టి వాకిట్లో ఇంకుడు గుంత తవ్వించాను. అడుగున రాళ్ళు, పైన కంకర. డాబా మీద పడ్డ వాన నీళ్ళు గొట్టంలోంచి అందులోకి దిగుతాయి. నాలుగు మంచి వానలు పడితే బోరు తేరుకుంటుందని ఆశపడి, మా అమ్మని చూడటానికి చల్లపల్లి వెళ్ళి వారం ఉన్నాను.

తిరిగొచ్చేసరికి గుంత లేదు. దాని మీద నున్నగా సిమెంటు. మా ఆయన జయకృష్ణ లుంగీ ఎగ్గట్టి, పైపుతో దాన్ని తడుపుతున్నారు.

"ఏంటండీ ఇది?"

"కంకర మీద అమ్మకి ముగ్గు పడట్లేదంట. గుంత లోపల అలాగే ఉందిలే. పైన మూతేశాం, అంతే."

"మూతేస్తే నీళ్ళెలా దిగుతాయండీ? గొట్టం ఏది?"

"అడ్డంగా ఉందని రోడ్డు మీదకి తిప్పించా."

"మరి ఈ నీళ్ళేంటి?"

"క్యూరింగ్. పూటపూటా తడపకపోతే పగుళ్ళిస్తుందని మేస్త్రీ మరీ మరీ చెప్పాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బోరు బాగుపడాలని తవ్వించిన గుంతని మూసేసి, ఆ మూత గట్టిపడటానికి బోరు నీళ్ళే పోస్తున్న మనిషిని ఏమని తిట్టాలో తెలియలేదు. నా మల్లెపాదుని బియ్యం కడిగిన నీళ్ళతో బతికించుకొస్తున్నాను. ఇక్కడ సిమెంటు కడుపు నిండా తాగుతోంది. అత్తగారు ముగ్గు డబ్బా పట్టుకుని అరుగు మీద నిలబడి, ఆ తడపడం ఎప్పుడైపోతుందా అని చూస్తున్నారు.

అప్పుడే పైపు దగ్గింది. గాలి, కాస్త బురద, మళ్ళీ గాలి. తర్వాత ఏమీ లేదు. జయకృష్ణ మోటారు ఆపి, మళ్ళీ వేసి చూశారు. లాభం లేకపోయింది.

"అబ్బాయ్, నేనింకా స్నానం చెయ్యలేదురా," అన్నారు అత్తగారు.

ఆయన నా వంక చూశారు. పెరట్లోంచి గునపం తెచ్చి ఆయన చేతికిచ్చాను.

పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. ఆయన పోటు మీద పోటు వేస్తున్నారు. సిమెంటు మీద తెల్లటి గీతలు పడుతున్నాయి తప్ప పెచ్చు కూడా ఊడట్లేదు. చినుకులు మొదలై, చూస్తుండగానే వాన దంచింది. డాబా మీది నీళ్ళన్నీ రోడ్డెక్కి మురుగుకాలవ వైపు పరిగెత్తుతున్నాయి. అత్తగారు ముగ్గు డబ్బా పక్కన పడేసి, బిందె తెచ్చి గొట్టం కింద పెట్టారు.

"అమ్మాయ్, ఇంకో బిందె తీసుకురా," అన్నారు, నా మొహం చూడకుండా.

ఆయన తడిసి ముద్దై, గునపం మీద ఆనుకుని రొప్పుతున్నారు.

"ఎంతకీ పగలట్లేదేంటి?"

"పగలదండీ," అన్నాను. "క్యూరింగ్ బాగా చేశారు."