దిమ్మెల మీద లారీ

"లారీ లేకుండా లారీ డ్రైవర్లని తయారుచేసే మొనగాళ్లు మీరే! మీరూ, మీ పైవాళ్లూ, ఆ పైవాళ్ల పైవాళ్లూ! మూడు నెలలు కుర్చీల్లో కూర్చోబెట్టి 'హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్' వల్లె వేయించారు. ఇప్పుడేమో ముప్పై గంటలు లారీ నడిపానని సంతకం పెట్టాలా? ఏ లారీ అండీ? ఎక్కడుంది? చూపించండి, ఎక్కకముందే దండం పెట్టుకుంటాను!"

సుభద్రది పెద్ద గొంతు. రెడ్డిగూడెంలో వాళ్ల మామిడితోట ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు. నూజివీడు ఊరి చివర వాహన శిక్షణ కేంద్రంలో, మంచమంత ఆఫీసు గదిలో ఆ గొంతు పట్టక కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మేనేజరు అరవింద్ మాత్రం ఏమీ విననట్టు రిజిస్టరు ఇంకొంచెం ముందుకి జరిపి, దాని మీద పెన్ను పెట్టాడు.

లారీ అతని వెనక కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ప్రారంభోత్సవం నాడు ఆరు చక్రాల మీద వచ్చింది. రిబ్బను కోశారు, ఫోటోలు దిగారు, మజ్జిగ పంచారు. పెద్దమనుషులు వెళ్లిపోయారు. వారం తిరక్కుండా టైర్లూ వెళ్లిపోయాయి, బ్యాటరీ కూడా వెళ్లిపోయింది. మిగిలిన ఇనుము సిమెంటు దిమ్మెల మీద కూర్చుంది. పద్నాలుగు నెలల్లో మూడు బ్యాచ్‌లు దాని ముందు నిలబడి ఫోటో దిగి, సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని ఇళ్లకి పోయాయి. వాళ్లలో ఒకడు సెల్ షాపులో కవర్లు అమ్ముతున్నాడు, ఒకడు టిఫిన్ బండి పెట్టాడు. స్టీరింగు పట్టినవాడు ఒక్కడూ లేడు. ఇటు చూస్తే సీజన్లో డ్రైవర్లు దొరక్క, కోసిన కాయ షెడ్లలోనే మగ్గిపోతోంది. పని ఉంది, చేస్తామనే మనుషులున్నారు. మధ్యలో నేర్పాల్సినవాళ్లే దిమ్మెల మీద కూర్చున్నారు.

సుభద్రకి ముప్పై రెండేళ్లు. పదిహేనేళ్లుగా ట్రాక్టరు తోలుతోంది, కారు లైసెన్సు ఉంది. శిక్షణ కేంద్రం గోడ అవతలే నారాయణరావు మామిడి యార్డు. ఆయన పాత డ్రైవరు మోకాళ్లు పోయి పని మానేశాడు. "హెవీ లైసెన్సు తెచ్చుకో అమ్మాయ్. లారీని వెనక్కి తెచ్చి నా యార్డు లోడింగు అరుగుకి ఆనించి చూపించు. ఆ రోజే బండి నీది. సర్టిఫికెట్ మాత్రం నాకు చూపించకు, కాగితాలు కాయ మోయవు" అన్నాడాయన. శుక్రవారం లైసెన్సు టెస్టు. ఇవాళ సోమవారం. సుభద్ర ఇంతవరకు లారీ స్టీరింగు మీద చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు సంతకం పెడితే బ్యాచ్ మూసేస్తారు, ఆ తర్వాత లారీ ఎక్కించే నాథుడుండడు.

"పన్నెండు మందిలో పదకొండు మంది పెట్టేశారు మేడం. మీరొక్కరే ఇబ్బంది పెడుతున్నారు" అన్నాడు అరవింద్. "అయినా సిమ్యులేటర్ మీద చేశారుగా? అది కూడా ప్రాక్టికలే."

"ఆ కంప్యూటరు కుర్చీయా? దాని తెర మీద ఎప్పుడు చూసినా మంచు కురుస్తూ ఉంటుంది. మంచులో బ్రేకు ఎలా తొక్కాలో బాగా నేర్చుకున్నానండీ. ఈ జూన్లో మన మీర్జాపురం రోడ్డు మీద మంచు పడితే చూపిస్తాను."

గుమ్మం దగ్గర ఫణి కిసుక్కున నవ్వాడు. అదే బ్యాచ్ కుర్రాడు, సంతకం పెట్టిన పదకొండు మందిలో ఒకడు.

"రిపోర్టు పైకి పోవాలి మేడం. సరే, ఆలోచించుకుని రేపు పొద్దున్న పెట్టండి."

"రేపు నాకు తీరికెక్కడిది? రేపు కలెక్టరు వస్తోంది."

నూజివీడు చుట్టుపక్కల ఈ మాటకి ఎవరూ తలెత్తి కూడా చూడరు. తోతాపురి మామిడిని ఇక్కడ కలెక్టరు అంటారు. పొడుగ్గా, ముక్కు వంకర తిరిగి, జ్యూసు ఫ్యాక్టరీలకి పోయే కాయ. మీ కలెక్టరు కోశారా, ఈసారి కలెక్టరు ఎలా ఉంది అని నడిరోడ్డు మీదే పలకరించుకుంటారు. అరవింద్ ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద వచ్చి పదకొండు రోజులైంది. అతనికి తెలిసిన కలెక్టరు ఒక్కరే.

అతను నిటారుగా కూర్చున్నాడు. "కలెక్టరా? ఎక్కడికి?"

"ఇక్కడికే. మీ గేటు ముందుకే."

"ఎవరు పిలిచారు?"

"నారాయణరావుగారు. పది రోజుల్నుంచీ ఒకటే అడగడం. నేనే దగ్గరుండి తీసుకొస్తానన్నాను."

"మీరా? దగ్గరుండి?"

"మరి? నేను లేకపోతే ఆగిరిపల్లి వాళ్లు దారిలోనే తమవైపు తిప్పేసుకోరూ?"

"ఎన్నింటికి... వస్తున్నారు?"

"తొమ్మిదింటికల్లా గేటు ముందుంటుంది."

"'ఉంటారు' అనాలండీ" అన్నాడు అరవింద్ నీరసంగా.

సుభద్రకి ఒళ్లు మండింది. మూడు నెలలుగా కమ్యూనికేషన్ స్కిల్స్ అని చెప్పి తన మాట దిద్దుతూనే ఉన్నారు. లారీ నేర్పమంటే వ్యాకరణం నేర్పుతారు. "మీ ఇష్టమొచ్చినట్టు అనుకోండి!" అని విసురుగా బయటికి నడిచింది. అతని ముఖం ఎందుకు పాలిపోయిందో ఆమె పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న ట్రాక్టరు వెనక ట్రక్కు నిండా కలెక్టరు వేసుకుని, పైన పట్టా కప్పి, సుభద్ర నూజివీడు వచ్చింది. యార్డు గేటు ఇంకా తీయలేదు. శిక్షణ కేంద్రం ముందు బండి ఆపి అటు తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది.

గేటు ముందు ముగ్గు. లోపల షామియానా. దానికి 'స్వాగతం సుస్వాగతం' అని బ్యానరు. ఆ పక్కన లారీ! దిమ్మెల మీద కాదు, ఆరు టైర్ల మీద. కడిగి, తుడిచి, బంపరుకి నిమ్మకాయల దండ కట్టి ఉంది. ఇంజను ఆడుతోంది.

ఇన్‌స్ట్రక్టరు చిన్నరాయప్ప పరుగులాంటి నడకతో వచ్చాడు. ముప్పై ఏళ్లు విశాఖ నుంచి కలకత్తా దాకా లారీ తోలినవాడు. ఇక్కడ మాత్రం సుద్దముక్కతో బోర్డు మీద గేర్లు గీస్తూ బతుకుతున్నాడు. మడతలు పోని కొత్త ఖాకీ చొక్కా తొడిగారు అతనికి.

"ఏం చేశావే అమ్మాయ్! పద్నాలుగు నెలలు టైర్లు కావాలని కాగితాలు రాశాను. ఫైలు నడుస్తోందన్నారు, ఫైలు కూర్చుందన్నారు, ఫైలే లేదన్నారు. నిన్న సాయంత్రం మేనేజరు నాలుగు ఫోన్లు చేశాడు. పొద్దున్నే ఆరింటికి టైర్లొచ్చాయి, ఏడింటికి బ్యాటరీ, ఎనిమిదింటికి డీజిలు!"

"ఎందుకు బాబాయ్? ఏమైంది వీళ్లకి?"

"కలెక్టరుగారు వస్తున్నారంటగా? నువ్వే తీసుకొస్తున్నావని చెప్పాడు మేనేజరు."

సుభద్ర అతని వంక చూసింది. తన ట్రక్కు వంక చూసింది. ముందు నవ్వొచ్చింది. అది పెదాల దాకా వచ్చేలోపే కోపమైంది. ఒక్క పూటలో అయ్యే పని ఇది! పద్నాలుగు నెలలు అడిగితే కాలేదు, ఏడిస్తే కాలేదు, కాయ పేరు చెబితే అయింది. అంటే వీళ్లకి చేతకాక కాదు. అడిగింది మనమని.

అరవింద్ పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. "కలెక్టర్‌గారి కారు ఎంతవరకు వచ్చింది మేడం?"

"వచ్చేసిందండీ."

"ఏదీ?"

సుభద్ర పట్టా లాగింది. "ఇదిగో. నాలుగు టన్నులు. నిన్ననే చెట్టు దిగింది."

బ్యాచ్ బ్యాచంతా విరగబడి నవ్వింది.

"సార్, ఆ బొకే ఏ కాయకిస్తారు?" అన్నాడు ఫణి పొట్ట పట్టుకుని. "ముక్కు పెద్దగా ఉన్నదానికివ్వండి, సీనియర్ అయ్యుంటది!"

అరవింద్ ముఖం ఎర్రబడింది. ఫోను మోగింది. "లేదు సార్... రావట్లేదు సార్... అంటే వచ్చింది సార్, కాయ సార్... మామిడికాయ..." అంటూ అవతలి తిట్లు తిన్నన్ని తిని, ఫోను జేబులో పెట్టాడు. పూలగుత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

"చాలు నవ్వులు! టైర్లు విప్పేయండి. మధ్యాహ్నానికి షాపుకి తిరిగి పంపాలి."

టైర్ల షాపు మనిషి జాకీ, పానా పట్టుకుని లారీ వైపు కదిలాడు. అతనికన్నా ముందు సుభద్ర కదిలింది. చెంగు బిగించి, మెట్టు మీద కాలు పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుంది.

"బాబాయ్, పక్కన ఎక్కు. వెనక్కి పెట్టడం చూపించు."

చిన్నరాయప్ప మేనేజరు వంక చూశాడు. తన కొత్త చొక్కా వంక చూసుకున్నాడు. "పోతే సుద్దముక్కే కదా పోయేది" అంటూ అటువైపు నుంచి ఎక్కాడు. "క్లచ్ పూర్తిగా తొక్కు. రివర్సు. నిదానంగా. వెనక భాగం కుడికి పోవాలి, కుడికి!"

చేతులు అతని మాట వినలేదు. ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి వెనక్కి పెట్టేటప్పుడు, ట్రక్కు కుడికి పోవాలంటే స్టీరింగు ముందు ఎడమకి తిప్పాలి. పదిహేనేళ్లుగా ఆమె చేతులకి తెలిసిన విద్య అదొక్కటే. తిప్పాల్సిన కుడి వదిలేసి ఎడమకి తిప్పేసింది. "కుడి, కుడి!" అని చిన్నరాయప్ప అరుస్తూనే ఉన్నాడు, లారీ వెనక భాగం షామియానా గుంజని తన్నింది. గుడ్డ కూలింది. సుస్వాగతం టైరు కింద పడింది.

గోడ మీంచి నారాయణరావు తల పైకి లేచింది. "ఎవరది, సుభద్రేనా? మూడు నెలలు నేర్చుకున్నది ఇదేనటమ్మాయ్? నా అరుగు మీదికి తెచ్చావు కాదు, బతికిపోయాను!"

సుభద్ర ముఖం మాడిపోయింది. ఈ ఒక్క మనిషి ముందు ఇలా కాకూడదనే కదా ఇన్నాళ్ల ఆరాటం.

"చూశారా!" అరవింద్ చేతులెత్తాడు. "చూశారా అందరూ? నడపడం రానివాళ్లు ఎక్కితే ఇంతే!"

సుభద్ర హ్యాండ్‌బ్రేకు లాగి, కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏమన్నారు? మళ్లీ అనండి."

చంకలోంచి జారిన పూలగుత్తి తీసుకోవడానికి అరవింద్ వంగాడు.

"నడపడం రాదు. నిజమే. ఆ సంగతి నేను నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నాను! రాదని నేను చెబుతుంటే, వచ్చని మీ రిజిస్టరు చెబుతోంది. ఇప్పుడు మీ నోటితో మీరే అన్నారు రాదని. మరి మీ పుస్తకంలో ఆ ముప్పై గంటలు ఎవరు నడిపారండీ? ఇవాళ షామియానా మీద పోయింది. రేపు మీ సర్టిఫికెట్ పట్టుకుని రోడ్డెక్కితే మనిషి మీద పోతుంది. అప్పుడు తప్పు ఎవరి మీద పెడతారు? డ్రైవరు మీదేగా!"

"మేడం, ఇది నా చేతుల్లో లేదు. టైర్లు అద్దెకి తెచ్చినవి. పైవాళ్లు..."

"నిన్న సాయంత్రం ఎవరి చేతుల్లో ఉంది? ఆ పైవాళ్లే కదా మీ ఫోను ఎత్తింది?"

ఫణి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. వెళ్లి ముందు టైరు దగ్గర చతికిలబడ్డాడు. "జాకీ పక్కన పెట్టన్నా, కాసేపు కూర్చో" అన్నాడు షాపు మనిషితో. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "సార్, నా సంతకం కొట్టేయండి. నేను కూడా నడపలేదు."

"నాది కూడా" అన్నారు వెనక నుంచి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి టైర్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

"మీరంతా కలిసి నా ఉద్యోగం తీయిస్తారు!" అన్నాడు అరవింద్.

"మీ ఉద్యోగం ఏంటండీ?" అంది సుభద్ర. "మాకు బండి నేర్పించడమేగా? దాన్ని మేం తీయించడం లేదు, చేయమంటున్నాం."

నారాయణరావు గోడ మీద మోచేతులు ఆనించాడు. "నేను శుక్రవారం దాకానే ఆగుదామనుకున్నానమ్మాయ్" అన్నాడు, ఇటో అటో తేల్చకుండా.

"నడపడం శుక్రవారానికి రాకపోతే నెల తర్వాత వస్తుందండీ. వచ్చాకే మీ అరుగు దగ్గరికి వస్తాను. రాకుండానే వచ్చని మాత్రం చెప్పను" అని ఆయనకి జవాబిచ్చి, ఆమె మళ్లీ మేనేజరు వైపు తిరిగింది. లారీ దిగలేదు.

"ఫోను తీయండి. నిన్న ఎంత గట్టిగా మాట్లాడారో అంత గట్టిగా మాట్లాడండి. టైర్లు ఈ బండికే ఉండాలి, డీజిలు రోజూ రావాలి. తలా ముప్పై గంటలు పూర్తయ్యేదాకా ఈ బ్యాచ్ మూయడానికి వీల్లేదు. టెస్టుకి ఎవరు తయారయ్యారో బాబాయ్ చెప్పాలి, రిజిస్టరు కాదు. ఇంతకుముందు మూడు బ్యాచ్‌ల వాళ్లకి కూడా కబురు పెట్టి పిలిపించండి, వాళ్లకి బాకీ ఉన్న స్టీరింగు వాళ్లకివ్వండి. అప్పటిదాకా ఈ చక్రం మీద పానా పడదు. ఆ పుస్తకంలో మీరు రాసిన అబద్ధమంతా కొట్టేసి, పక్కన మీ సంతకం పెట్టండి. మొదటి గంట నాది. ఇప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. రాయండి!"