కెప్టెన్ ఏడవాల్సిన తొంభై సెకన్లు

తొమ్మిదేళ్ళుగా ఒక్క వారం కూడా వదలకుండా చూసిన సీరియల్ చివరి భాగం ముగియగానే అత్తగారు రిమోట్‌ను సోఫా మీదకు విసిరారు. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, దాన్ని ఎలాగైనా ఇంటికి చేర్చాలని నానా తిప్పలు పడే కెప్టెన్, అదీ కథ. చివరికి ఓడ చేరింది. కెప్టెన్ దిగి చూస్తే ఊరు లేదు, మనిషి లేడు, అంతా బూడిద. అప్పుడామె తొంభై సెకన్ల పాటు పగలబడి నవ్వింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ ఇల్లు కాలినావిడే ఇకిలిస్తోందేమిటి?" అన్నారు అత్తగారు.

పక్కనే కోడలు కూర్చుని ఉంది. పరాయి భాషలో తీసిన ఆ సీరియల్‌లో కెప్టెన్‌కు మొదటి నుంచీ తెలుగులో గొంతు అరువిచ్చింది ఆమే. ఆ నవ్వూ ఆమెదే. కెప్టెన్‌ను నెత్తిన పెట్టుకున్న అత్తగారు ఆ సంగతి పక్కింటివాళ్ళకు కూడా చెప్పేవారు కాదు. ఎవరైనా అడిగితే "ఏదో స్టూడియోలో పనిలెండి" అని మాట మార్చేసేవారు.

ముగింపు ముందే బయటికి పొక్కకూడదని, తీసినవాళ్ళు డబ్బింగ్‌కు పంపిన బొమ్మంతా నల్లగా కప్పేసి కెప్టెన్ పెదాలు మాత్రం కనిపించేలా వదిలారు. శబ్దం కూడా తీసేశారు. స్క్రిప్టులో ఆ చోట "మాటల్లేవు, గొంతు మాత్రమే" అని ఉంది. పెదాలు సాగాయి, పళ్ళు కనిపించాయి, గడ్డం అదిరింది. ఇన్నేళ్ళకు ఇల్లు చేరిన మనిషి నవ్వక ఏం చేస్తుందనుకుంది కోడలు. నవ్వా ఏడుపా అని సౌండ్ ఇంజనీరును ఒక్క ముక్క అడిగితే ఫోన్ చేసి కనుక్కునేవాడు. తొమ్మిదేళ్ళ సీనియర్ని, నేనడగడమేమిటన్న టెక్కు అడ్డొచ్చింది.

తెల్లారేసరికి అభిమానులు రెండు జట్లయ్యారు. కెప్టెన్‌కు మతి పోయిందని ఒక జట్టు వాపోయింది. ఊరే లేకపోతే మోయాల్సిన బరువూ లేదు కదా, అందుకే నవ్విందని రెండో జట్టు లోతులు తవ్వింది. ఒకాయనైతే ఆ నవ్వు మీద నాలుగు పేజీల వ్యాసమే రాశాడు. ఇంతలో ఎవరో అసలు భాషలో ఉన్న ముక్కను పక్కన పెట్టి చూపించారు. అందులో కెప్టెన్ ఏడుస్తోంది. అంతే, జట్లు రెండూ ఏకమై కోడలి మీద పడ్డాయి. జారిపడే మనుషుల వీడియోలన్నిటికీ ఆమె నవ్వే తగిలించారు.

పది గంటలకు స్టూడియో మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. "చివరి ముక్క మళ్ళీ రికార్డు చేస్తున్నాం. వేరే అమ్మాయి చేస్తుంది. మీరు రెస్టు తీసుకోండి."

తిట్లన్నీ దిగమింగిన మనిషికి ఈ రెస్టు మాత్రం గొంతు దిగలేదు. తొమ్మిదేళ్ళు తన గొంతుతో బతికిన కెప్టెన్, ఇంటి గుమ్మం ముందు ఇంకొకరి గొంతుతో ఏడవడమా? లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"నా ఏడుపు నేనేడవడానికి, అత్తయ్యా."

స్టూడియోలో మేనేజరు గుమ్మంలోనే ఆపాడు. "ఆ అమ్మాయి పన్నెండింటికి వస్తుంది మేడం. పైవాళ్ళు కొత్త గొంతే కావాలన్నారు."

"బొమ్మ కప్పేసింది మీ పైవాళ్ళు. అడక్కుండా నవ్వేసింది నేను. వాళ్ళ తప్పు వాళ్ళిష్టం, నా తప్పు మాత్రం నేనే దిద్దుకుంటాను. పన్నెండింటిదాకా గది ఖాళీయేగా? నాది నచ్చకపోతే ఆ అమ్మాయిదే పెట్టుకోండి."

అతను తల గోక్కున్నాడు. ఆమె అతన్ని దాటుకుని మైకు ముందుకు వెళ్ళింది.

మొదటి టేకు అవగానే సౌండ్ ఇంజనీరు, "బాగుందమ్మా, చాలు" అన్నాడు.

"చాల్లేదు. అది అద్దె ఏడుపు. మళ్ళీ వెయ్యి."

రెండోదీ అంతే. మూడోదానికి గొంతు బొంగురుపోయింది. నాలుగోసారి ఆమె పెదాలు చూడటం మానేసి, ఈసారి కప్పకుండా పంపిన బొమ్మంతా చూసింది. నిన్న కంగారులో గమనించలేదు గానీ, కెప్టెన్ చేయి జేబులోకి వెళుతోంది. అందులోంచి తాళంచెవి తీసింది. మొదటి సంవత్సరంలో "తాళంచెవి నా దగ్గరే ఉంది, వెళ్ళగానే నేనే తలుపు తీస్తాను" అని తన గొంతుతోనే చెప్పిన తాళంచెవి. ఇప్పుడది చేతిలో ఉంది, పెట్టడానికి తలుపు లేదు. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. తొంభై సెకన్లు దాటినా ఆగలేదు.

అప్పటికే వచ్చి అద్దం అవతల నిలబడ్డ కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుని మేనేజరుతో అంది. "నేను చెయ్యనండి. దీని మీద నా గొంతు పెడితే జనం నన్ను తంతారు."

మేనేజరు పైవాళ్ళకు ఫోన్ చేసి వినిపించాడు. మర్నాటి సాయంత్రం దిద్దిన భాగం ప్రసారమైంది. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చూశారు. గంట తిరక్కుండానే అభిమానులు మళ్ళీ మొదలెట్టారు. మా నవ్వు మాకిచ్చెయ్యండని కొందరు, గొంతు మార్చేశారని కొందరు. కోడలు చదివి ఫోన్ పక్కన పెట్టేసింది. ఇక వాళ్ళేమన్నా ఆమెకు పట్టింపు లేదు.

అత్తగారికి ఉంది. కళ్ళజోడు సవరించుకుని, ఫోన్ అందుకుని, ఒక్క వేలితో పావుగంట సేపు కుస్తీ పట్టారు. కోడలు తొంగిచూస్తే, ఆ తిట్ల మధ్య ఇలా ఉంది:

"గొంతు ఎవరూ మార్చలేదు. మొదటి నుంచీ అది మా కోడలిదే. నవ్వి తప్పు చేసింది, ఏడ్చి దిద్దుకుంది. ఇంకా ఎవరికైనా అనుమానముంటే మా ఇంటికి రండి, నేను మాట్లాడతాను. ఇట్లు, కెప్టెన్ అత్తగారు."