రుచితకు కొట్టిన జై

సాయంత్రం క్లాసులు కాగానే మాచర్ల కాలేజీ అమ్మాయిలు కబడ్డీ కోర్టులో నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసుకుని ప్రాక్టీసు మొదలెట్టేవాళ్లు. ఫిర్దౌస్ మెట్ల మీద కుడికాలు బారజాపుకుని కూర్చునేది. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు. కెప్టెన్ హెప్సిబా కూత పెట్టుకుంటూ రైడుకు పోయి అవతలివాళ్ల చేతికి చిక్కినప్పుడు, ఫిర్దౌస్ "హెప్సీ!" అని ఒక్క కేక వేసేది. హెప్సిబా పాదాలు నేల మీంచి రెండు వేళ్ల ఎత్తు లేచేవి. ఒళ్లు దూదిలా తేలికై, పట్టుకున్నవాళ్ల చేతుల్లోంచి జారి నడిగీత దగ్గరికి వచ్చేసేది. ఫిర్దౌస్ నోరు మూయగానే పాదాలు మళ్లీ నేలకు ఆనేవి.

"మీ గ్యాలరీలో లేపే పిల్ల ఉందంట గదా?" అని వేరే కాలేజీల్లో ఆటలు నేర్పే పీడీలు అడిగేవాళ్లు.

"ఉంది. కావాలంటే మీరూ ఒకర్ని ఎతుక్కోండి" అనేవాడు మాచర్ల పీడీ సారు.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. రైడుకు పోయిన మనిషి అవతలి కోర్టులో ఎవరినన్నా ముట్టుకోవాలి, లేదా అక్కడున్న బాక్ లైను దాటి నేలమీద పాదం మోపాలి. రెండూ చేయకుండా తిరిగొస్తే అవుట్. మొదటి మ్యాచ్‌లో ఫిర్దౌస్ ఆత్రంకొద్దీ ముందే కేకేస్తే, హెప్సిబా పాదం గాల్లోనే గీత దాటింది. అంపైర్ వంగి చూసి అవుట్ ఇచ్చాడు. అప్పట్నుంచి గీత దాటిందాకా ఫిర్దౌస్ పళ్లు బిగబట్టుకుని కూర్చునేది.

ఆ కాలు పుట్టుకతో అట్లా లేదు. రెండేళ్ల కింద ఫిర్దౌసే జట్టుకు పెద్ద రైడర్. వినుకొండలో టోర్నమెంటు. సరళా మహిళా కాలేజీతో సెమీఫైనల్. ఫిర్దౌస్ దొరికిపోయి కింద పడింది, విజిల్ కూడా వేశారు. లేవబోతుంటే ఆ జట్టు కెప్టెన్ రుచిత ఎగిరి రెండు మోకాళ్లతో ఆమె కాలి మీద దిగింది. ఎండిన కందికట్టె విరిగిన చప్పుడయింది. రుచిత లేచి చేతులకంటిన మట్టి దులుపుకుంది. వాళ్ల గ్యాలరీ నవ్వి, "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరిచింది.

ఆస్పత్రిలో రెండు నెలలు. మెకానిక్ మీరా సాహెబ్ షెడ్డులో రెండు బండ్లు అమ్మి కూతురికి ఆపరేషన్ చేయించాడు. ఫిర్దౌస్ ఒక్కరోజు కూడా ఏడవలేదు. కర్రసాయంతో కాలేజీకి తిరిగొచ్చి, మెట్ల మీద కూర్చుని మొదటిసారి స్నేహితురాలి పేరు పిలిచింది. పాదాలు లేవటం ఆరోజే మొదలైంది.

ఈ ఏడాది ఫైనల్ నరసరావుపేటలో పడింది, మళ్లీ సరళా కాలేజీతోనే. మాచర్ల నుంచి మూడు బస్సులు కదిలాయి. డప్పులు, పసుపు చేతిరుమాళ్లు, లెక్చరర్లు, లైబ్రేరియనుతో సహా అందరూ వచ్చారు. "మా కూత ఆగదు, మీ కోర్టు మిగలదు!" అని దారంతా అరుపులే. యూనివర్సిటీ జట్టుకు మనుషుల్ని ఏరేవాళ్లు ముగ్గురు ముందు వరసలో కూర్చున్నారు. రుచితకు అదే చివరి ఏడు. ఈ మ్యాచ్‌లో మెరిస్తే యూనివర్సిటీ జట్టు, ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం.

ఇంకా ఎనిమిది నిమిషాల ఆట ఉంది. సరళా కాలేజీ నాలుగు పాయింట్లు ముందుంది. రుచిత రైడుకొచ్చింది.

ఫిర్దౌస్ గ్యాలరీ కమ్మీలు పట్టుకుని లేచి నిలబడింది. "రుచితా!" అని కేకేసింది.

పక్కనున్న తెలుగు మేడం ఉలిక్కిపడింది. "ఏందే ఫిర్దౌస్, అవతలి పిల్లని పిలుస్తావేంది?"

"జై కొడుతున్నా మేడం" అంది ఫిర్దౌస్, కళ్లు కోర్టు మీంచి తిప్పకుండానే. "రుచితా! రుచితా!"

రుచిత పాదాలు లేచాయి. అప్పటికి గీత దాటలేదు. హెప్సిబాకు క్షణంలో అర్థమయింది. "ఎనక్కి! ఎవ్వరూ ఆ పిల్లని తాకమాకండి" అని తన జట్టునంతా చివరి గీతకు లాగేసింది. రుచిత గాల్లో కాళ్లు కొట్టుకుంటూ గీత దాటింది, ముట్టుకోవడానికి చెయ్యి చాపింది, ఎవరూ అందలేదు. టైమైపోయింది. అంపైర్ కింద పడుకుని ఆమె బూటుకూ నేలకూ మధ్య వెలుతురు చూశాడు. అవుట్.

రెండోసారి వచ్చేసరికి మాచర్ల గ్యాలరీకి సంగతి తెలిసిపోయింది. డప్పుల దరువు మారింది. రెండొందల గొంతులు ఒక్కసారిగా, "రుచితా! రుచితా!"

సరళా కాలేజీ కోచ్ స్కోరు రాసే టేబుల్ దగ్గరికి పరిగెత్తాడు. "ఆపించండి సార్, అన్యాయం!"

"ఏం ఆపమంటారండీ? మీ పిల్లకే గదా జై కొడతన్నారు" అన్నాడు టేబుల్ దగ్గరి పెద్దాయన.

రుచిత మూడుసార్లు వచ్చింది, మూడుసార్లు అవుటయింది. హెప్సిబాను పట్టుకోబోతే కాలు నిలదొక్కుకోలేక గాలిపటంలా ఈడ్చుకుపోయింది. మాచర్ల రెండు పాయింట్లతో గెలిచింది. ముందు వరసలోని ముగ్గురు కాగితం మీద ఒక పేరు కొట్టేసి లేచి వెళ్లిపోయారు.

డప్పులు ఆగాయి. ఫిర్దౌస్ నోరు మూసింది. కానీ రుచిత పాదాలు దిగలేదు. ఎందుకో ఫిర్దౌస్‌కు ఒక్కదానికే తెలుసు. పైకి కేక ఆగింది గానీ, రెండేళ్లుగా లోపల నడుస్తున్న పిలుపు ఆగలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం రుచిత మాచర్ల వచ్చింది, లేపే పిల్ల ఇల్లేదని అడుక్కుంటూ, దారిలో దొరికిన గోడా స్తంభమూ పట్టుకుంటూ. మీరా సాహెబ్ ఇంటి పక్క షెడ్డులో కార్బురేటర్ కడుగుతున్నాడు. ఫిర్దౌస్ ఇంటి గుమ్మంలో కూర్చుని పరీక్షలకు చదువుకుంటోంది.

"కానిస్టేబుల్ పరుగుకు పోయినా" అంది రుచిత. పలకరింపు కూడా లేదు. "అందరికంటే ముందొచ్చినా. కాలు నేలకు తగల్లేదు, టైము చూసే మెషీన్ పట్టుకోలేదన్నారు. మా అమ్మ నా నడుముకు ఇసక మూటలు కట్టి చూసింది. అయినా దిగలా." "తప్పయిపోయింది. దించు."

ఫిర్దౌస్ పుస్తకం మూసింది. "రెండేళ్లు రోజూ నీ పేరే అనుకున్నా. పొద్దున్నే కాలు మంచం దించేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, నమాజుకు అందరూ మోకాళ్ల మీద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీ ఏసుకునేటప్పుడు. మరి నా పేరేంది, చెప్పు."

రుచిత షెడ్డులో కూర్చున్న మీరా సాహెబ్ వైపు, గోడ మీద రాసిన షెడ్డు పేరు వైపు చూసింది. చివరికి, "ఏడో నంబరు గదా నువ్వు?" అంది.

"అది నా బనీను నంబరు."

గుమ్మం అవతల చీమల బారు ఒకటి రుచిత పాదాల కిందుగా, ఏ అడ్డూ లేకుండా పోతోంది. పేరు అడగటానికి నోరు తెరిచింది గానీ ఫిర్దౌస్ అప్పటికే గోడ పట్టుకుని లేచింది.

"ఎవరన్నా చెబితే తెలుసుకున్న పేరు పనికిరాదు" అంది. తలుపు మూయలేదు. అట్లాగే నిలబడి చూసింది.

రుచిత వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. సున్నపురాయి లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే, ఆ గాలికి నాలుగడుగులు పక్కకు కొట్టుకుపోయి కరెంటు స్తంభాన్ని వాటేసుకుంది.

మీరా సాహెబ్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎవరమ్మా ఆ పిల్ల?"

"ఒకప్పుడు కబడ్డీ ఆడేదిలే నాన్నా" అంది ఫిర్దౌస్.