బంచరాయి హద్దు

ఓదెమ్మ నడుస్తోంది, ముందు బాలనర్సు నడుస్తున్నాడు, ఆయన తల మీద మట్టిగడ్డ ఉంది, ఊరి పశువులు మేసే అరవై రెండు ఎకరాల బంచరాయి ఆయన అడుగుల కింద ఒకసారి గడ్డిగా, ఒకసారి ప్లాట్ల వెంచరు వాళ్లు పోసిన తారు రోడ్డుగా మారుతోంది, నలభై ఏళ్లు ఊరి భూముల హద్దులు చూపే సుంకరిగా పనిచేసిన ఆ మనిషి పోయి మూడేళ్లయిందని ఆమెకు తెలుసు, అయినా ఆ మాట అనాలనిపించదు.

"కాకా, ఇటెటు?"

"హద్దు మీదికి. నువ్వే గద పిలిచినవ్?"

ఆమె పిలవలేదు. పిలిచే ఉంటాననుకుంటుంది. పొద్దున పదింటికి గ్రామసభ. బంచరాయిలో ఇరవై ఎకరాలు వెంచరువేనని తీర్మానం. పదిమంది వార్డు మెంబర్లలో ఐదుగురు సంతకం పెట్టారు, మెంబరుగా ఆమె ఆరోది పెడితే అది నెగ్గుతుంది. తీర్మానానికి ఆధారం ఈయనే. ఆ ఊళ్లో హద్దు తగాదా వస్తే తెలిసిన మనిషి ఆ నేల మట్టి తల మీద పెట్టుకుని నడవాలి, ఆయన నడిచిందే హద్దు. నాలుగేళ్ల కింద బాలనర్సు అలాగే నడిచాడు. వాగు దాకా పోకుండా ఎర్రకుంట దగ్గరే లోపలికి తిరిగాడు, ఆ ఇరవై ఎకరాలు వెంచరు వైపు పడ్డాయి.

వెంచరు గేటు దాటితే ఓదెమ్మ వంటిల్లు ఉంది, పొయ్యి మీద అంబలి పొంగుతోంది, దాన్ని దించి మళ్లీ ఆయన వెనకే వెళ్తుంది.

"ఎనభై గొర్లుండె నాకు. ముప్పై మిగిలినయ్. ఇటు తోలితే వాచ్‌మన్ కుక్కల్ని ఉసిగొల్పుతుండు. ఆ వాచ్‌మన్ ఎవడు కాకా?"

"నా కొడుకే."

"నువ్వు కుంటకాడ తిరిగినందుకేనా ఆ నౌకరి?"

మట్టిగడ్డ జారబోతే ఆయన చేత్తో పట్టుకుంటాడు.

"నెత్తి మీద మన్ను పెట్టుకొని అబద్ధం నడిస్తివి. సిగ్గనిపియ్యలే?"

"అనిపించింది. నిద్ర పట్టలే. సచ్చినంక గూడ పడ్తలే."

"నీకు నిద్ర లేదు. నా గొర్లకు మేత లేదు. ఏది ఎక్కువనో నువ్వే చెప్పు."

"సచ్చినోణ్ణి గూడ ఇడ్సిపెట్టవా? నీ నోటి గురించి మీ అత్త ఊకె చెప్పేది." ఆయన నవ్వుతాడు, ఆమె నవ్వదు.

కుంట వస్తుంది. ఆయన తిరగడు. కాంపౌండు గోడలోంచి, అందులోని గదుల్లోంచి, ఎవరో ఆరేసిన బట్టల్లోంచి సూటిగా వాగు ఒడ్డు దాకా నడిచి ఆగుతాడు, ఆమె పక్కకు వచ్చి నిలబడుతుంది.

"హద్దు ఇది. పట్టు." గడ్డ తీసి ఆమె తల మీద పెడతాడు.

"నేనెందుకు? నువ్వే నడువు."

"నేను నడిస్తే ఎవరు చూస్తరు బిడ్డా?"

గడ్డ జారుతుంది. ఆమె కుడిచెయ్యి ఎత్తి పట్టుకుంటుంది.

"మెంబరమ్మా!"

తెల్లవారి చాలాసేపయింది. ఓదెమ్మ చాప మీద ఉంది. కుడిచెయ్యి తల మీదే ఉంది, మోచేతి దాకా తిమ్మిరెక్కి. గడప బయట పంచాయతీ సెక్రటరీ రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు.

"సభ దాకా ఎందుకమ్మా? ఇక్కడనే ఒక్క సంతకం పెట్టు, నీకు తిప్పల తప్పుతది."

"చెయ్యి పనిజేస్తలేదు సారూ" అంటూ లేచింది ఓదెమ్మ. "కాళ్లు మంచిగున్నయి. సభను ఎర్రకుంట కాడికి రమ్మను. నేను నడుస్త."