జిలానీ బాగుచేసినవన్నీ

శుక్రవారం జుమ్మా నమాజు అయిందంటే సౌదీలోని బతా బజారు వీధుల్లో అడుగు పెట్టడానికి జాగా ఉండదు. జేబులోంచి రుమాలు తీయాలంటే పక్కవాడి అనుమతి కావాలి. ఆ జనాన్ని ఈదుకుంటూ జిలానీ ప్రతి శుక్రవారం మౌలా సాహెబ్ మెస్సు చేరుకునేవాడు. ముందు భోజనం, తర్వాత ఇంగ్లీషు. మౌలా సాహెబ్ పప్పుకు తాలింపు పెడితే ఆ ఘాటుకు జెద్దాలో ఒంటెలు తుమ్మేవి. ఇంగ్లీషు చెప్పే దస్తగిరి మామూ ఆఫీసులో టైపు కొడితే కింద బల్ల వేడెక్కేది. దానిమీద జనం చాయ్ కాచుకునేవారు.

ఇక మొబైల్ షాపులో పనిచేసే ప్రొద్దుటూరు జిలానీ సంగతా? అతను సోల్డరింగ్ పెట్టిన చోట చీమ నడిస్తే జారి పడాల్సిందే. అంత నున్నన. నాలుక మాత్రం చేతికి పూర్తిగా వ్యతిరేకం.

"ఒరే అబ్బీ, మళ్ళా చెప్తాండా, విను," అన్నాడు దస్తగిరి మామూ. "రెండు పనులు జరిగినాయి. బస్సు వచ్చింది. అంతకుముందే నువ్వు తినేసినావు. ముందు జరిగినదానికే హ్యాడ్ పెట్టాల. వెనక ఇంకో పని లేకుండా ఉత్తి హ్యాడ్ వాడగూడదు. నిన్న ఏం చేసినావో చెప్పు."

"యెస్టర్డే ఐ హ్యాడ్ రిపేర్డ్ వన్ మొబైల్."

అనడమే ఆలస్యం, నిన్నటి మొబైలు ఫోను వెనక మూత తెరుచుకుని అతని నెత్తిమీద గాల్లో వేలాడింది. తోడుగా రావలసిన రెండో పని రాకపోతే మొదటి పని ఎక్కడికి పోతుంది? వేలాడుతుంది. ఆ మెస్సులో అందరికీ తెలిసిన సంగతే. అందుకే మౌలా సాహెబ్ ఎప్పుడో ఫ్యానుకు జాలీ కట్టించాడు. కూర గిన్నెలమీద మూతలు తీయనిచ్చేవాడు కాదు.

"మళ్ళా అదే తప్పు! యాడ పెట్టుకోవాల రా ఇవన్నీ?" అని మామూ తల పట్టుకున్నాడు.

"నాదీ ఒకటి చూడండప్పా," అంటూ మౌలా సాహెబ్ గరిటె పట్టుకొని మధ్యకొచ్చాడు. "షేక్ గారి పెండ్లిలో ఐ హ్యాడ్ కుక్డ్ ఫుల్ క్యామెల్!"

పైన ఒక చిన్న సట్టి వేలాడింది. అందులో రెండు కోడి కాళ్ళు.

"ఒంటె యాడ చాచా?"

"వచ్చిందిరా. వాకిలి పట్టక బయటే నిలబడుకోనుంది."

మెస్సంతా విరగబడి నవ్వింది. జిలానీకి మాత్రం నవ్వు రాలేదు. మొబైల్ షాపుల్లో ఇక సౌదీలే పని చేయాలని కొత్త రూలు వచ్చింది. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మంచివాడే. "ఇంకో కంపెనీ తీసుకుంటానంటే నీ కాగితాలు వాళ్ళకు మార్చేస్తాను, లేదా దేశం విడిచే ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపుతాను," అన్నాడు. సౌదీలకు సరిపడా ఉద్యోగాలిచ్చి నితాఖత్ లెక్కలో గ్రీన్‌లో ఉన్న కంపెనీ ఒకటి ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే మనిషికోసం చూస్తోంది. ఇంటర్వ్యూ ఆదివారం. అది పోతే ప్రొద్దుటూరులో దిగడమే.

దస్తగిరి మామూ అతన్ని పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "స్కానింగ్ మిషన్లు బాగుచేసినా అని చెప్పు. ఐ రిపేర్డ్ అను, చాలు. హ్యాడ్ అన్నావంటే నిజం నెత్తిన వేలాడి నీ బండారం బయటపడుతుంది. నాలిక పట్టుకో."

"అబద్ధం గదా మామూ?"

"పని దొరికినాక నేర్చుకుంటే నిజమైతాది పో."

ఆదివారం జిలానీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఆ చొక్కా మడతతో గడ్డాలు గీసుకోవచ్చు. ఎదురుగా కూర్చున్నది సూడాన్ ఇంజినీరు, నెరిసిన జుట్టు పెద్దమనిషి. "ఏ యంత్రాలు బాగుచేశావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఐ రిపేర్డ్..." అన్నాడు జిలానీ. స్కానింగ్ అనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే ఇంజినీరు వేళ్ళు కనబడ్డాయి. కొసలన్నీ కాలి గట్టిపడిన మచ్చలు. ఏళ్ళ తరబడి వేడి సోల్డరింగ్ పుల్ల పట్టిన వేళ్ళు. అలాంటి చేతుల ముందు పని గురించి అబద్ధమాడటానికి జిలానీకి మనసొప్పలేదు.

కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. "ఐ హ్యాడ్ రిపేర్డ్ మొబైల్, సర్. ఐ హ్యాడ్ రిపేర్డ్ మిక్సీ. ఐ హ్యాడ్ రిపేర్డ్ బేబీ ఆవిరి మిషన్..."

కళ్ళు తెరిచేసరికి గది కనబడలేదు. మొబైళ్ళు పావురాల గుంపులా కప్పుకింద కమ్ముకున్నాయి. వాటి మధ్య మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, పసిబిడ్డలకు ఆవిరి పట్టే మిషను, మసీదు మైకు, ఒక ముసలాయన చెవి మిషను. అన్నీ మూతలు తెరుచుకుని, అతుకులు తళతళలాడుతూ వేలాడుతున్నాయి. ఆ మెరుపుకు కిటికీ బయట ఎండ సిగ్గుపడి తప్పుకుంది.

ఇంజినీరు నింపాదిగా లేచి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మైకు కింద వంగి, మిక్సీని పక్కకు జరిపి, చెవి మిషను దగ్గర ఆగాడు. లోపలి అతుకును చాలాసేపు చూశాడు.

"స్కానర్ లేదా?"

"నో సర్. అది తెలీదు సర్."

"నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటా సర్."

ఇంజినీరు తలుపు తీసి, పక్కగదిలో ఉన్న ఆఫీసు మనిషిని పిలిచాడు. గాల్లో ఉన్నవాటిని చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పాడు. "మన దగ్గర చేరేసరికే ఇతను వీటన్నిటినీ బాగుచేసేశాడు. కఫీల్‌కు ఫోన్ చెయ్యి, కాగితాలు మార్పిద్దాం."

చేరడమనే రెండో పని తోడు రాగానే మొబైళ్ళు, మిక్సీలు, మైకు, అన్నీ గడ్డివాము మీద వాలే పిచ్చుకల్లా మెల్లగా కిందికి దిగాయి. నేల తాకగానే చల్లగా కరిగిపోయాయి. ఇంజినీరు కుర్చీ చూపించలేదు. పనిబల్ల ముందరి స్టూలు, పక్కన వేడెక్కుతున్న సోల్డరింగ్ పుల్ల చూపించాడు.

ఆ సాయంత్రం జిలానీ ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాడు.

"ఏమడిగినారు?" అంది భార్య ఆస్మా.

"అడిగింది తక్కువే. చూసినారు."

"ఏం చూసినారు?"

అతను తన వేళ్ళకేసి చూసుకున్నాడు. చూపుడువేలు కొసన కొత్తగా కాలిన మచ్చ చురుక్కుమంటోంది.

"నన్నే," అన్నాడు.